గుమ్మం నుండి గుమ్మానికి: లిమరిక్ దారుల కథ

లిమరిక్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలుసుకుంటే ముందు యోగక్షేమాలు, తరువాత వాన సంగతి, ఆ తరువాత తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది. "ఈసారి ప్రయాణం షానన్ మీదుగానా, డబ్లిన్ మీదుగానా?" అడిగినవారికి టిక్కెట్టు ధర తెలుసుకోవాలని ఉంటుంది, చెప్పేవారికి తమ అనుభవం చెప్పుకోవాలని ఉంటుంది. టీ చల్లారిపోయేదాకా ఆ మాటలు సాగుతాయి. మా ఇంటికి పాతిక కిలోమీటర్లలోనే షానన్ విమానాశ్రయం ఉన్నది. డబ్లిన్ విమానాశ్రయం రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దగ్గరున్నదాన్ని వదిలిపెట్టి దూరాన ఉన్నదానికి కారు వేసుకుని ఎందుకు పోతున్నామని కొత్తగా వచ్చినవారు ఆశ్చర్యపోతారు. ఈ ఆశ్చర్యానికి సమాధానం వెతుక్కుంటూ పోతే నాకు రెండు వందల ఏళ్ళ చరిత్ర కనిపించింది. దానినే ఈ సంచిక పాఠకులకు క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

ఐర్లండులో సామాన్యుడికి ప్రయాణ సౌకర్యం కల్పించిన ఘనత ఒక ఇటలీ దేశస్థుడిది. ఆయన పేరు చార్లెస్ బియాంకోనీ. కుర్రతనంలో ఈ దేశానికి వచ్చి, పటాలు మూటగట్టుకుని ఊరూరా కాలినడకన తిరిగి అమ్ముకున్నాడు. మూట బరువు భుజాన మోసినవాడికి తెలిసినంతగా దారి కష్టం ఇంకెవరికి తెలుస్తుంది? 1815 జూలై 6న క్లాన్‌మెల్ నుండి కాహిర్‌కు మొట్టమొదటి గుర్రపు బండి నడిపాడు. మన జట్కా వంటిదే గాని, జనం పక్కలకు తిరిగి, రోడ్డు వైపు కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. కొద్ది కాలంలోనే ఆ బండ్లు లిమరిక్ వరకూ వచ్చాయి. అంతకుముందు మెయిలుకోచీల్లో పోవడానికి స్తోమత లేనివాడు నడవవలసిందే. ఇప్పుడు బండి ఫలానా వేళకు వస్తుంది, ఫలానా వేళకు చేరుస్తుంది అన్న నమ్మకం కలిగింది. ప్రయాణికుడు కోరుకునేది వేగమొక్కటే కాదు, ఆ నమ్మకం కూడా అన్నది బియాంకోనీ గ్రహించిన రహస్యం.

1848లో రైలు లిమరిక్‌ను డబ్లిన్-కార్క్ ప్రధాన మార్గంతో కలిపింది. గుర్రపు బండ్ల పని ఇక అయిపోయిందని అందరూ అనుకున్నారు. బియాంకోనీ మాత్రం రైలుతో పోట్లాడలేదు. తన బండ్లను రైలు స్టేషన్లకు మళ్ళించాడు. రైలు పోని ఊళ్ళ నుండి జనాన్ని స్టేషనుకు చేర్చి, స్టేషనులో దిగినవారిని ఇళ్ళకు చేర్చాడు. పైగా రైల్వే వాటాలు కూడా కొన్నాడు. మన హైదరాబాదులో కూడా ఇటువంటిదే జరిగింది. 1932లో నిజాం రాష్ట్రపు రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించారు. రైలు ఆగిన చోటు నుండి ఊరిదాకా ఉన్న ఆ కాస్త దూరమే అసలు సమస్య అన్నది ఇక్కడా అక్కడా ఒకే విధంగా అర్థమైనది.

ఇక విమానాల సంగతి. లిమరిక్ జిల్లాలో షానన్ నది దక్షిణపు ఒడ్డున ఫాయిన్స్ అనే చిన్న రేవు ఉన్నది. ఆ రోజుల్లో అట్లాంటిక్ దాటగల పెద్ద విమానాలకు నేల మీద చాలినంత రన్‌వేలు లేవు. అందుచేత నీటి మీద వాలే విమానాలు, అంటే ఫ్లయింగ్ బోట్లు, వాడుకలోకి వచ్చాయి. 1937 జూలైలో పాన్ అమెరికన్ వారి విమానం ఒకటి అటునుండి వచ్చి ఫాయిన్స్‌లో వాలింది. ఆ సమయంలోనే బ్రిటిష్ వారి విమానం ఇటునుండి బయలుదేరి అట్లాంటిక్ దాటింది. 1939లో ప్రయాణికుల రాకపోకలు మొదలయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మంత్రులు, సేనానులు, సినిమా తారలు ఈ పల్లెటూరి రేవులో దిగి, వానలో తడిసి, వేడి కాఫీ తాగి వెళ్ళినవారే. కాఫీలో విస్కీ కలిపి పైన మీగడ పోసే ఐరిష్ కాఫీ పుట్టిల్లు ఫాయిన్సేనని ఈ జిల్లావారు గర్వంగా చెప్పుకుంటారు.

అయితే నన్ను ఆకర్షించిన విషయం కాఫీ కాదు. యుద్ధకాలంలో ఫాయిన్స్‌లో దిగినవారిలో ఇంగ్లండుకు పోవలసినవారిని నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న రినియానాకు తీసుకుపోయి, అక్కడ నేల విమానం ఎక్కించేవారు. రినియానా అంటే నేటి షానన్ విమానాశ్రయమే. మ్యాపు పరచి చూస్తే రెండూ నదికి అటూ ఇటూ ఉన్న ఇరుగుపొరుగు స్థలాలుగా కనిపిస్తాయి. కాని నడుమ వంతెన లేదు. బస్సెక్కి లిమరిక్ నగరం దాకా వచ్చి, అక్కడ నది దాటి, మళ్ళీ పడమరకు తిరిగి పోవలసిందే. మహాసముద్రాన్ని గాలిలో దాటి వచ్చినవాడు ఒక నదిని దాటడానికి బస్సులో కూర్చుని ఊరు చుట్టి రావలసి వచ్చేది. విమానం ఎంత ఎత్తున ఎగిరినా దాని రెండు కొసలూ రోడ్డు మీదే ఉంటాయన్న పాఠం లిమరిక్‌కు ఆనాడే తెలిసింది. నగరంలోకి రాకుండా నది కిందుగా పోయే సొరంగ మార్గం ఏర్పడింది మాత్రం 2010లో.

యుద్ధం ముగియగానే ఫ్లయింగ్ బోట్ల కాలం చెల్లింది. 1945లో ఫాయిన్స్ మూతపడింది, షానన్ వెలిగింది. అమెరికా నుండి వచ్చే విమానాలకు ఐరోపా ఖండపు తొలి మజిలీ అది. పెట్రోలు పోసుకునే వ్యవధిలో దిగి తిరిగే ప్రయాణికుల కోసం 1947లో బ్రెండన్ ఓరీగన్ అనే స్థానికుడు ప్రపంచంలోకెల్లా మొదటి పన్నులేని విమానాశ్రయపు దుకాణం తెరిచాడు. తరువాత జెట్ విమానాలు వచ్చాయి. అవి షానన్‌లో ఆగనక్కరలేకుండా నేరుగా లండను, పారిస్ పోగలవు. ఊరు దెబ్బతింటుందని ముందే పసిగట్టి, 1959లో విమానాశ్రయం పక్కనే పన్ను రాయితీల పారిశ్రామిక వాడ స్థాపించారు. మనవాళ్ళలో కొందరు పనిచేసే ఫ్యాక్టరీలకు మూలం అదే. పైగా అమెరికా-ఐర్లండు విమానాలు షానన్‌లో ఆగి తీరాలన్న నిబంధన ఒకటి ఉండేది. 1993లో దానిని సడలించారు. 2008లో ఐరోపా సమాజానికి, అమెరికాకు కుదిరిన ఒప్పందంతో అది పూర్తిగా పోయింది.

ఇంతవరకు ఆకాశం కథ. నేల మీది కథ చాలా నెమ్మదిగా నడిచింది. ఈ దేశంలో మొట్టమొదటి మోటార్‌వే ముక్క, నేస్ పట్టణాన్ని తప్పిస్తూ, 1983లో తెరిచారు. పోర్ట్‌లీషకు 1997లో, కిల్డేరుకు 2003లో, మొనాస్టర్‌ఈవిన్‌కు 2004లో బైపాసులు వచ్చాయి. లిమరిక్ వైపు మాత్రం రోడ్డు పాతదే. మనీగాల్ వంటి ఊళ్ళ నడిబజారు గుండా పోవాలి. ముందు గడ్డి లాగుతున్న ట్రాక్టరు తగిలిందంటే మన పుట్ట మునిగినట్టే.

ఆ పాత రోడ్డుతో నాకొక రుణం ఉన్నది. 2004 చలికాలంలో ఒక రాత్రి తొమ్మిది గంటలకు నూజివీడు దగ్గర మా ఊరి నుండి ఫోను వచ్చింది. నాన్నగారికి బాగాలేదు, వెంటనే రమ్మన్నారు. షానన్ నుండి లండనుకు ఆ రాత్రి చివరి విమానం వెళ్ళిపోయింది. తెల్లవారి విమానంలో సీటు దొరకలేదు. డబ్లిన్ నుండి పొద్దున్నే ఒక విమానం ఉన్నదని తెలిసి, అర్ధరాత్రి దాటాక కారులో బయలుదేరాను. రోడ్డంతా మంచు గడ్డకట్టి ఉన్నది. ఒకచోట లారీ అడ్డం తిరిగి దారి మూసుకుపోయింది. ముందుకూ పోలేను, వెనక్కూ రాలేను. విమానాశ్రయం చేరేసరికి గేటు మూసేసి పావుగంటయింది. మధ్యాహ్నపు విమానంలో పోయి, ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఆ పావుగంటను నేను ఇప్పటికీ ఎవరి ఖాతాలోనూ వేయలేకపోతున్నాను. ఆలస్యం అమృతం విషం అంటారు. నిదానమే ప్రధానం అని కూడా మనవాళ్ళే అన్నారు. ఆ రాత్రి మంచులో రెండు సామెతలూ నా చెవిలో వినిపించాయి.

లిమరిక్-డబ్లిన్ మోటార్‌వే పని సులభంగా సాగలేదు. లిమరిక్, నీనాల మధ్య అనహోల్టీ అనేచోట పీట్ నేల, అంటే కుళ్ళిన నాచూ గడ్డీ వేల ఏళ్ళుగా పేరుకున్న మెత్తని బురద నేల ఉన్నది. వేసిన కట్ట కుంగిపోతూ వచ్చింది. పని ఆలస్యమైంది. చివరకు ఆ ముక్క 2010 సెప్టెంబరులోనూ, మిగిలిన కాసిల్‌టౌన్-నీనా ముక్క 2010 డిసెంబరులోనూ తెరిచారు. ఆనాటి నుండి లిమరిక్ శివారులో ఎక్కిన కారు చాలవరకు గంటకు 120 కిలోమీటర్ల పరిమితిలో ఒక్క ట్రాఫిక్ లైటు కూడా తగలకుండా డబ్లిన్ పొలిమేర చేరుతుంది. నగరం లోపలికి పోకుండా చుట్టు రోడ్డు మీదుగా విమానాశ్రయానికి మొత్తం రెండుంపావు గంటలు.

ఇప్పుడు లెక్క చూడండి. షానన్ నుండి డబ్లిన్‌కు గాలిలో ప్రయాణం అరగంట, ముప్పావుగంట. కాని ఇంటి నుండి షానన్‌కు పోవడానికి అరగంట, గంటన్నర ముందు హాజరు కావడం, దిగాక సామాను, అక్కడి నుండి నగరంలోకి మరో ముప్పావుగంట. అన్నీ కలిపితే కారు కన్న ఎక్కువే. దూరపు కొండలు నునుపు అన్నట్టు, గాలిలో గడిచే సమయాన్ని మాత్రమే చూస్తే విమానం గెలుస్తుంది, గుమ్మం నుండి గుమ్మానికి చూస్తే కారు గెలుస్తుంది. ఈ లెక్క ప్రజలు కాగితం మీద వేయకపోయినా మనసులో వేసేశారు. ఇప్పుడు షానన్, డబ్లిన్‌ల నడుమ రోజువారీ విమాన సర్వీసు లేదు. డబ్లిన్-గాల్వే మోటార్‌వే 2009 డిసెంబరులో పూర్తయింది, 2011లో గాల్వే విమానాలు ఆగిపోయాయి. డబ్లిన్-కార్క్ మోటార్‌వే 2010 మే నెలలో పూర్తయింది, ఏడాది రెండేళ్ళలో ఆ విమానాలూ ఆగిపోయాయి. ఆర్థిక మాంద్యం కూడా అదే సమయంలో వచ్చింది గనుక నింద అంతా రోడ్డు మీద వేయడం న్యాయం కాదు. అయినా మాంద్యం పోయిన తరువాత కూడా ఆ విమానాలు తిరిగి రాలేదన్నది గమనించాలి.

దీనికి ఎదురు ఉదాహరణ డోనెగాల్. వాయవ్య మూలన ఉన్న ఆ జిల్లాకు రైలు లేదు, మోటార్‌వే లేదు. డబ్లిన్‌కు కారులో పోతే నాలుగు గంటలు. అందుచేత అక్కడి నుండి డబ్లిన్‌కు ప్రభుత్వ సహాయంతో విమానం నేటికీ నడుస్తున్నది. ఆసుపత్రి చికిత్సకు పోయే రోగులకు అదే ఆధారం. కారులో రెండు రెండున్నర గంటల లోపు దారిలో విమానం నిలవడం కష్టం, నాలుగు గంటలు దాటితే దానికి బలం వస్తుంది అని ఈ చిన్న దేశపు అనుభవం చెబుతున్నది.

సమయం ఒక్కటే అయితే కథ ఇక్కడితో ముగిసేది. మనుషులు ఎందరన్నది రెండవ విషయం. ఒక్కడు పోతే పెట్రోలు, టోలు, పార్కింగు ఒక్కడి నెత్తిన పడతాయి. ఐదుగురు పోతే అవే ఖర్చులు ఐదు భాగాలవుతాయి. విమానానికి తలకొక టిక్కెట్టు. అందునా మన కుటుంబాల సామాను సంగతి తెలిసినదే కదా! పోయేటప్పుడు చాక్లెట్లు, వచ్చేటప్పుడు ఆవకాయ, గోంగూర, కారప్పొడి, అమ్మమ్మ కట్టిన అరిసెలు. రెండు విమానాలు మారేటప్పుడు ఆ పెట్టెలు ఎక్కడ తప్పిపోతాయోనన్న భయం ఉంటుంది. కారు డిక్కీకి ఆ భయం లేదు.

మూడవది కాగితాల సంగతి. షానన్ నుండి మనకు ఉన్న దారి చాలవరకు లండను మీదుగా. భారత పాస్‌పోర్టుతో పోయే తల్లిదండ్రులకు అక్కడ విమానం మారడానికి ఏ అనుమతి కావాలో ముందే చూసుకోవాలి. డబ్లిన్ నుండి అబూధాబీకి 2007లో, దుబాయికి 2012లో, దోహాకు 2017లో నేరుగా విమానాలు మొదలైన తరువాత ఆ బెంగ తీరింది. ఇంగ్లీషు అంతగా రాని అమ్మను ఒకే ఒక్క మార్పుతో, తెలుగు మాట వినిపించే జనం మధ్య కూర్చోబెట్టి పంపవచ్చు. రెండువందల కిలోమీటర్లు అదనంగా నడపడానికి మనవాళ్ళలో చాలామంది ఒప్పుకునే కారణం ఇదే.

నాలుగవది, కారు నడపగలగడం. ఇక్కడా ఎడమ పక్కనే నడుపుతారు గనుక మనకు చేయి తడబడదు. కాని మన దేశపు లైసెన్సును నేరుగా ఇక్కడి లైసెన్సుగా మార్చుకునే వీలు లేదు. రాతపరీక్ష, 2011 నుండి తప్పనిసరి చేసిన పాఠాలు, ఆపైన డ్రైవింగు పరీక్ష, కొత్తవారికి భారీ ఇన్సూరెన్సు, ఇవన్నీ దాటాలి. పదిహేనేళ్ళు హైదరాబాదులో బండి నడిపినవారు ఇక్కడ అద్దం మీద ఎల్ బోర్డు అంటించుకోవడం చూస్తే నవ్వూ జాలీ కూడా కలుగుతాయి. అంతవరకు ఆర్థర్స్ కే దగ్గర ఎక్కే డబ్లిన్ విమానాశ్రయం బస్సే దిక్కు.

ఐదవది భయం. దీనికి లెక్కలతో పని లేదు. 2001 సెప్టెంబరు 11 తరువాత అమెరికాలో ఎంతోమంది విమానాలు మాని కార్లెక్కారు. ఆ తరువాతి ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో అదనంగా సుమారు 1,500 మంది మరణించి ఉంటారని గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అంచనా వేశారు. చక్రం తన చేతిలో ఉంటే క్షేమమని మనిషి అనుకుంటాడు. నిజానికి దూరంతో పోల్చి చూస్తే విమానమే క్షేమం. అర్ధరాత్రి నిద్రమత్తులో డబ్లిన్ నుండి తిరిగి వచ్చే మన సోదరులకు ఈ మాట ప్రత్యేకంగా విన్నవించుకుంటున్నాను. దారిలో ఆగి ఒక కునుకు తీయండి.

2016లో మళ్ళీ ఫోను వచ్చింది, ఈసారి అమ్మ గురించి. పన్నెండేళ్ళ కిందటి దారి కాదు. సాయంత్రం బయలుదేరి రెండుంపావు గంటల్లో డబ్లిన్ చేరాను. గల్ఫ్ మీదుగా మర్నాడు శంషాబాదులో దిగాను. గన్నవరానికి తరువాతి విమానం ఐదు గంటల తరువాత ఉన్నది. ఇక్కడ కూడా అదే లెక్క! 2008లో విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాదుకు మారినప్పుడు ఊరికి దూరమైందని గోల పెట్టాము, 2009లో పి.వి. నరసింహారావు గారి పేర వంతెన రోడ్డు వేశాక ఆ గోల తగ్గింది. నేను విమానం కోసం కూర్చోలేదు. కారు మాట్లాడుకుని విజయవాడ రోడ్డెక్కాను. ఆ విమానం గన్నవరంలో వాలే సరికే నేను అమ్మ మంచం పక్కన ఉన్నాను. "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగింది. ఆ తరువాత పదకొండు రోజులు బతికింది.

ఆ రోడ్డుకు నేను కృతజ్ఞుణ్ణి. అయినా ఒక మాట చెప్పకపోతే చరిత్ర చెప్పినట్టు కాదు. 2007 ఆగస్టులో ఎయిర్ లింగస్ సంస్థ షానన్-హీత్రో విమానాలను బెల్‌ఫాస్టుకు మళ్ళిస్తామని ప్రకటించినప్పుడు ఈ ప్రాంతమంతా గగ్గోలు పుట్టింది. 2008 జనవరిలో ఆ విమానాలు ఆగాయి, 2009లో తిరిగి వచ్చాయి. 2007లో షానన్ నుండి సుమారు 36 లక్షల మంది రాకపోకలు చేశారు. 2012 నాటికి ఆ సంఖ్య సుమారు 14 లక్షలకు పడిపోయింది. దీనికి కారణాలు అనేకం ఉన్నా, మనలాంటివారు డబ్లిన్‌కు కారెక్కడం కూడా అందులో ఒకటి. జనం తగ్గితే విమానాలు తగ్గుతాయి, విమానాలు తగ్గితే ఇంకా ఎక్కువమంది కారెక్కుతారు. 2012 చివరి రోజున షానన్ విమానాశ్రయం డబ్లిన్ యాజమాన్యం నుండి విడిపోయి స్వతంత్రమైంది. అప్పటి నుండి కొంత కోలుకున్నది.

బాట వేసినవాడు ఒకడు, నడిచేవాడు మరొకడు. రేపు ఈ ఊళ్ళో పెరిగే మన పిల్లలకు ఏ దారి మిగులుతుందన్నది ఇవాళ మనం ఎక్కే బండి మీద కూడా కొంత ఆధారపడి ఉన్నది. అవసరం ఉన్నప్పుడు డబ్లిన్ పోవడం తప్పు కాదు, నేనూ పోయాను. వీలున్నప్పుడు మాత్రం, ఐదు పది యూరోల తేడా ఉన్నా, ఇంటి దగ్గరి విమానాశ్రయం నుండి ఎక్కుదాం. పక్కింట్లో కొత్తగా వచ్చినవారికి లైసెన్సు లేకపోతే వారి తల్లిదండ్రులను తెచ్చేందుకు మన కారు ఇద్దాం. బియాంకోనీ చేసింది కూడా అంతే. నడిచిపోలేనివాణ్ణి ఎక్కించుకుని, చెప్పిన వేళకు గుమ్మం ముందు దించాడు.